డెల్టాలో వర్క్‌స్టేషన్

ఆషాఢం వచ్చిందంటే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోని ఫొటో స్టూడియోలకు కాస్త తీరిక. ముహూర్తాలుండవు. వేసవి పెళ్లిళ్ల ఆల్బమ్‌లు చాలావరకు చేతులు మారి ఉంటాయి. శ్రావణం అడ్వాన్సులు అప్పుడప్పుడే మొదలవుతాయి. లక్షన్నరో రెండు లక్షలో పోసి పెద్ద లాప్‌టాప్ కొనదలచినవారికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఆషాఢం ఆఫర్ల సంగతి అలా ఉంచితే, కొత్త మెషిన్‌ను కుదురుగా అమర్చుకోవడానికి ఒక వారం కావాలి. శ్రావణం పెళ్లిళ్ల మధ్య ఆ వారం ఎవరిస్తారు?

పన్ను లెక్క కూడా ఈ నెలకే మొగ్గుతుంది. వ్యాపారం కోసం కొన్న కంప్యూటర్‌పై ఆదాయపు పన్ను లెక్కల్లో 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. ఆ ఆర్థిక సంవత్సరంలో వాడకం 180 రోజులకు తగ్గితే మాత్రం అందులో సగమే. అంటే అక్టోబరు మొదటి వారం దాటాక, దసరాకో దీపావళికో కొన్న మెషిన్‌కు ఆ ఏడాది దక్కేది 20 శాతం. లాప్‌టాప్ మీద జీఎస్‌టీ 18 శాతం. రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియో బిల్లులో తన జీఎస్‌టీ నంబరు వేయించుకుంటే ఆ సొమ్ము ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి కలిసొస్తుంది. లెక్కలు రాయకుండా అంచనా ఆదాయం మీద పన్ను కట్టేవారికి తరుగుదల విడిగా రాదు. కాబట్టి షాపు మెట్లెక్కే ముందు ఆడిటర్‌కు ఒక ఫోన్ కొట్టడం మేలు.

మన దగ్గర కొనేవారిలో ఎక్కువమంది నెల రోజులు యూట్యూబ్‌లో మోడళ్లు పోల్చి చూస్తారు. తీరా బాక్స్ ఇంటికొచ్చాక గంటలో అన్నీ ఎక్కించేసి పనిలో పడిపోతారు. ఈ అధ్యాయంలో ఎక్కువ భాగం ఆ రెండో దాని గురించే.

ముందు అసలు వర్క్‌స్టేషన్ అవసరమా అన్నది తేల్చుకోవాలి. హెచ్‌పీ 2013లో జెడ్‌బుక్ పేరుతో, లెనోవో 2015లో థింక్‌ప్యాడ్ పీ50, పీ70లతో ఈ తరగతిని జనంలోకి తెచ్చాయి. డెల్ ప్రెసిషన్ అంతకు ముందునుంచీ ఉంది. సర్వర్లలో వాడే జియాన్ ప్రాసెసర్‌ను లెనోవో లాప్‌టాప్‌లో పెట్టింది ఆ పీ50, పీ70లతోనే. గేమింగ్ లాప్‌టాప్‌తో పోలిస్తే వీటికి వేగం ఎక్కువన్నది అపోహ. అదే ధరకు గేమింగ్ మెషిన్‌లోనే బలమైన గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. వర్క్‌స్టేషన్‌లో డబ్బు పోసేది వేరే వాటికి. ఆటోడెస్క్, డస్సో లాంటి కంపెనీలు పరీక్షించి ఆమోదించిన డ్రైవర్లు ఉంటాయి. కొన్ని మోడళ్లలో డేటా తప్పుల్ని తనే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ ఉంటుంది. అడుగు మూత తీసి ర్యామ్, డిస్క్ మార్చుకునే వీలు, ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ కూడా ఆ ధరలోనే. సాలిడ్‌వర్క్స్ మీద రోజంతా పనిచేసే డిజైనర్‌కు ఇవన్నీ కావాలి. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవారికి ఈసీసీతో పనేమీ లేదు.

బాపట్లనే తీసుకుంటే, 1981లో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. 1945 నాటి వ్యవసాయ కళాశాల, దానికి తోడు వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉన్నాయి. మెకానికల్ కుర్రాడు ఇంట్లో 64 జీబీ ర్యామ్ అడిగితే నాన్నగారు ఒక్క ప్రశ్న వేయాలి: 'ఏ సాఫ్ట్‌వేర్, లైసెన్స్ ఏది?' అన్సిస్ ఉచితంగా ఇచ్చే విద్యార్థి వెర్షన్‌లో స్ట్రక్చరల్ మోడల్ 1,28,000 నోడ్ల దగ్గర ఆగిపోతుంది. అంత మోడల్‌కు 16 జీబీ సరిపోతుంది, 32 ఉంటే హాయి. మెషిన్ లెర్నింగ్ నేర్చుకోవడానికైతే గూగుల్ కోలాబ్ గ్రాఫిక్స్ కార్డును కొన్ని గంటలపాటు ఉచితంగానే ఇస్తుంది. నాలుగేళ్ల చదువులో లక్షన్నర మెషిన్ నిజంగా పనికొచ్చేది ఆఖరి ఏడాది ప్రాజెక్టుకే. అప్పటికి దాని వయసు మూడేళ్లు.

వీడియో ఎడిటింగ్ కథ వేరు. ఇక్కడే డబ్బు ఎక్కువగా తప్పుదారి పడుతుంది. సోనీ ఏ7 ఫోర్ లాంటి కెమెరాలు 4:2:2, 10 బిట్ రంగుతో హెచ్.265లో రికార్డు చేస్తాయి. రంగు సరిదిద్దడానికి ఇది బంగారం లాంటి ఫుటేజ్. కానీ దాన్ని టైమ్‌లైన్ మీద తడబడకుండా నడిపించే ప్రత్యేక సర్క్యూట్ అన్ని చిప్‌లలోనూ లేదు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్స్‌లోనే అది ఉంది. ఎన్విడియా దాన్ని 2025 నాటి ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో గానీ ఇవ్వలేదు. కాబట్టి ఏఎండీ ప్రాసెసర్‌తో ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు ఉన్న ఖరీదైన మెషిన్ మీద, తలంబ్రాల షాట్ దగ్గర ప్లేబ్యాక్ ఆగి ఆగి నడుస్తుంటే, పక్కనే తక్కువ ధర ఇంటెల్ లాప్‌టాప్ సాఫీగా పోతుంది. షాపులో దీని గురించి చెప్పేవారు అరుదు. ఇప్పటికే కొనేసినవారు నిరాశపడనక్కర్లేదు. ప్రీమియర్‌లో గానీ రిజాల్వ్‌లో గానీ ప్రాక్సీలు, అంటే ఫుటేజ్‌కు తేలికపాటి నకళ్లు, తయారు చేసుకుని ఎడిట్ చేస్తే పాత మెషిన్ కూడా పరుగెడుతుంది. చివర్లో ఎగుమతి అసలు ఫుటేజ్ నుంచే జరుగుతుంది కాబట్టి నాణ్యత తగ్గదు.

డిస్క్ లెక్క ముందే వేసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు, స్నాతకం నుంచి అప్పగింతల దాకా పది గంటలు అనుకుంటే 900 జీబీ. డ్రోన్ షాట్లు, ఫొటోలు దీనిలో కలపలేదు. 1 టీబీ డిస్క్ ఒక్క పెళ్లికే నిండుతుంది. అందుకే రెండు ఎం.2 స్లాట్లున్న మోడల్ చూసుకోవాలి. ఒకదానిలో విండోస్, సాఫ్ట్‌వేర్లు, రెండోదానిలో నడుస్తున్న ప్రాజెక్టు. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, తర్వాత పెంచుకునే వీలుందా అన్నది కూడా కొనకముందే అడగాలి. బరువు తక్కువ మోడళ్లలో చాలావాటికి ఆ వీలు లేదు.

తెనాలి పేరెత్తితే శిల్పుల మాట రాక తప్పదు. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర 2021లో 75 వేల ఇనుప నట్లతో 10 అడుగుల గాంధీ విగ్రహం చేశారు. అదే ఏడాది పాత ఇనుముతో 14 అడుగుల మోదీ విగ్రహం చేసి దేశమంతా పత్రికలకెక్కారు. అది ఇనుముతో, వెల్డింగ్‌తో చేసే పని. ఇలాంటి రూపాన్ని ముందు తెర మీద మలచుకోవాలని ఏ కుర్ర శిల్పికైనా అనిపిస్తే జెడ్‌బ్రష్‌కు గ్రాఫిక్స్ కార్డు కన్నా ప్రాసెసర్, ర్యామ్ ముఖ్యమని గుర్తుంచుకోవాలి. బ్లెండర్‌లో రెండరింగ్‌కు వచ్చేసరికి తారుమారు, అక్కడ కార్డే రాజు. మలచడానికి ఒక మెషిన్, రెండరింగ్‌కు ఒక మెషిన్ కొనలేం గనక, రోజులో ఎక్కువ గంటలు ఏ పని జరుగుతుందో దాని వైపే మొగ్గాలి.

బిల్లు కట్టే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: పిన్‌కోడ్. 'ఆన్‌సైట్ వారంటీ' అని పెట్టె మీద రాసినంత మాత్రాన ఇంజినీరు మర్నాడే గుమ్మంలో నిలబడడు. 522201 తెనాలి, 522101 బాపట్ల, 522265 రేపల్లె. ఈ అంకెలు చెప్పి, ఆ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చే సర్వీసు ఉందా, ఎన్ని రోజుల్లో వస్తారు, విడిభాగం ఎక్కడినుంచి రావాలి అని కంపెనీ కస్టమర్ కేర్‌నే అడగాలి. డీలర్ నోటిమాట లెక్కలోకి రాదు. సర్వీసు సెంటర్ విజయవాడలో ఉందంటే తెనాలివారికి అరపూట పని, రేపల్లెవారికి రోజు గడిచిపోతుంది.

సెకండ్ హ్యాండ్ వైపు చూసేవారు డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సీటీసీ అని అందరూ పిలిచే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తారు. బాపట్లవారిలో కొందరికి చెన్నై రిచీ స్ట్రీట్ అలవాటు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూడేళ్లు వాడి వదిలేసిన ప్రెసిషన్‌లు, జెడ్‌బుక్‌లు అక్కడ సగానికన్నా తక్కువ ధరకే దొరుకుతాయి. కొనకముందు మెషిన్ ఆన్ చేసి బయాస్‌లోకి వెళ్లాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో బేరం బంద్. పాత కంపెనీ తాళం ఇంకా దానిమీదే ఉందన్నమాట. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా దాదాపుగా ఇంటెల్ 8వ తరం నుంచే నడుస్తుంది. కాబట్టి 7వ తరం మెషిన్ ఎంత చవకైనా దండగే. బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తే కొత్తప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు మిగిలిందెంత అన్నది తేలుతుంది.

ఇక మెషిన్ ఇంటికి చేరింది. సాఫ్ట్‌వేర్ల కంటే ముందు చూడాల్సింది కరెంటు.

పెద్ద లాప్‌టాప్‌ల అడాప్టర్ 170 నుంచి 230 వాట్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. మన ఇళ్లలో ఇన్వర్టర్లు ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టినవి. స్క్వేర్ వేవ్ రకమైతే ఫ్యాన్ గుర్రుమంటూ తిరుగుతుంది, అడాప్టర్ కూడా మామూలు కన్నా వేడెక్కుతుంది. గ్రాఫిక్స్ మెషిన్‌కు సైన్ వేవ్ ఇన్వర్టరే వాడాలి. చాలా ఇన్వర్టర్ల వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒకవైపు 'యూపీఎస్', ఇంకోవైపు 'ఈకో' అని రాసి ఉంటుంది. ఈకోలో ఉంటే వోల్టేజీ 100కు దిగినా, 290కి ఎక్కినా ఇన్వర్టర్ కిమ్మనకుండా అలాగే లోపలికి వదులుతుంది. యూపీఎస్ వైపు నొక్కితే సుమారు 180–260 మధ్య ఉన్నంతవరకే లైన్ కరెంటు, అది దాటితే బ్యాటరీ. మార్పిడి కూడా త్వరగా జరుగుతుంది. లాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉంది కాబట్టి ఆగిపోదు. దాని పక్కనున్న మానిటర్, ఫైళ్లు కాపీ అవుతున్న బయటి హార్డ్‌డిస్క్ మాత్రం ఆ రెప్పపాటు కూడా తట్టుకోవు. ఎలక్ట్రీషియన్ బిగించి వెళ్లిన నాటినుంచి ఆ స్విచ్‌ను ముట్టుకోని ఇళ్లే ఎక్కువ.

లెక్క కూడా సులువే. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోగా 1,200 చేతికొస్తాయనుకుంటే, 230 వాట్ల అడాప్టర్ ఒక్కటే అయితే అయిదు గంటలు. రెండు ఫ్యాన్లు, లైట్లు కలిస్తే మూడు. బ్యాటరీ పాతబడిందంటే ఇదీ అనుమానమే.

లోహపు బాడీ మీద మణికట్టు ఆనించినప్పుడు సన్నగా జివ్వుమంటే అది మెషిన్ లోపం కాకపోవచ్చు, ఇంట్లో ఎర్తింగ్ లేదన్న సూచన. మూడు పిన్నుల ప్లగ్ పెట్టుకున్నా మూడో రంధ్రం వెనక వైరు లేకపోతే ఫలితం సున్నా. ఎలక్ట్రీషియన్ టెస్ట్ లైట్‌ను ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టి చూపించాలి. బల్బు నిండుగా వెలగాలి, మినుకుమంటే ఎర్త్ బలహీనమే. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన పాత ఎర్త్ గొయ్యి ఉన్న ఇళ్లలో వేసవిలో రెండు బిందెల నీళ్లు పోయడం మరచిపోకూడదు.

గాలి సంగతికొస్తే, సూర్యలంక బాపట్లకు కూతవేటు దూరం. సముద్రపు గాలిలో ఉప్పు తేమతో కలిసి పోర్టుల లోపలి రాగిని, ఫ్యాన్ బేరింగులను మెల్లగా తింటుంది. కిటికీ పక్కన టేబుల్ వేసుకుని పనిచేయడం అందంగానే ఉంటుంది, కానీ మెషిన్‌కు ఆయుక్షీణం. పని అయ్యాక మూత వేసి, సిలికా జెల్ పొట్లాలున్న బ్యాగులో పెట్టడం మంచి అలవాటు. పొట్లాలు తేమ పట్టేశాయనిపిస్తే కొత్తవి వేయాలి. బీచ్‌లో ప్రీవెడ్డింగ్ షూట్‌కు లాప్‌టాప్ తీసుకెళ్లేవారు దాన్ని కారులోంచి దించకుండా ఉంటేనే మేలు. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చిన వెంటనే ఆన్ చేయకూడదు. కళ్లద్దాల మీద పట్టే ఆవిరే మదర్‌బోర్డు మీదా పడుతుంది. అరగంట బ్యాగులోనే ఉంచి తీయాలి.

వేసవిలో 40 డిగ్రీలు దాటాక ఎంత గొప్ప ప్రాసెసరైనా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఎక్కువ మోడళ్లు గాలి పీల్చేది అడుగునుంచే. దాన్ని పరుపు మీద పెట్టి రెండర్ వేయడమంటే ముక్కు మూసి పరుగెత్తించడమే. నాలుగు వేళ్ల ఎత్తు స్టాండ్ ఉంటే చాలు, కూలింగ్ ప్యాడ్‌లకు పెట్టే డబ్బు బ్యాకప్ డిస్క్‌కు పెట్టడం తెలివి. రోజంతా ప్లగ్‌లోనే ఉండే మెషిన్‌కు ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా కంపెనీ యాప్‌లో సెట్ చేస్తే బ్యాటరీ ఉబ్బే ముప్పు తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ అమరికలో మొదటిది మెయిల్ అకౌంట్. షాపులో కుర్రాడు హడావుడిగా తన మెయిల్‌తోనో, షాపు మెయిల్‌తోనో విండోస్ ఓపెన్ చేసి ఇచ్చేస్తాడు. కొత్త విండోస్ 11 మెషిన్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. దాని 48 అంకెల రికవరీ కీ ఆ మెయిల్ అకౌంట్‌లోకే పోతుంది. రెండేళ్ల తర్వాత మదర్‌బోర్డు మారిందనో, బయాస్ అప్‌డేట్ అయిందనో మెషిన్ ఆ కీ అడుగుతుంది. కుర్రాడు అప్పటికి ఆ షాపులో ఉండడు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ఒకటి ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టినప్పుడు, పెద్ద పెద్ద కంపెనీలు సైతం ఈ కీల కోసమే తడుముకున్నాయి. అందుకే సొంత మెయిల్‌తో మొదలుపెట్టి, కీని కాగితం మీద రాసి పాస్‌బుక్కులు పెట్టే చోట పెట్టాలి.

రెండోది గ్రాఫిక్స్. ఇలాంటి మెషిన్లలో రెండు కార్డులుంటాయి, కరెంటు పొదుపు కోసం విండోస్ చిన్నదాన్నే వాడేస్తుంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అన్న చోట ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను చేర్చి 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకోవాలి. ఎన్విడియాలో గేమ్ రెడీ డ్రైవర్ తీసేసి స్టూడియో డ్రైవర్ వేసుకోవాలి. సీజన్ మధ్యలో డ్రైవర్ అప్‌డేట్‌ల జోలికి పోకపోవడమే మంచిది.

తెలుగు టైపింగ్ ఒక్కటే గంటల కొద్దీ తినేస్తుంది. శుభలేఖల డీటీపీలో అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇంకా నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. వాటిని కొత్త మెషిన్‌లోకి బలవంతంగా ఎక్కించే బదులు, పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి పాత ఫైళ్లకే ఉంచేయడం నయం. కొత్త పని యూనికోడ్‌లో చేసుకోవచ్చు. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి కనిపిస్తే తప్పు ఫాంట్‌ది కాదు. పేరాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోవాలి. ఫొటోషాప్ పాత వెర్షన్లలోనూ టైప్ సెట్టింగ్స్‌లో ఇలాంటిదే ఒక ఎంపిక ఉంటుంది. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లలో పెద్దన, ధూర్జటి, సూరన్నలతో పాటు తెనాలి రామకృష్ణ కూడా ఉంది. శీర్షికలకు, ఆహ్వాన పత్రికలకు అది బాగా నప్పుతుంది. ఆ ఊరి స్టూడియోవారు వాడకపోతే ఎలా?

చివరికి మిగిలింది బ్యాకప్. ఈ ప్రాంతంలో దాన్ని వాయిదా వేయడానికి లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, గంటకు 90–100 కిలోమీటర్ల గాలితో. మరుసటి ఏడు సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలితే కొల్లూరు, రేపల్లె వైపు లంక గ్రామాలు మునిగాయి. అటువంటి రోజు లాప్‌టాప్, హార్డ్‌డిస్క్ ఒకే బీరువాలో ఉంటే రెండు ప్రతులున్నా ఒక్కటీ లేనట్టే. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఫొటోగ్రాఫర్ల కోసమే పుట్టింది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఊరవతల. క్లౌడ్‌లోకి పంపుదామంటే, సెకనుకు 50 మెగాబిట్ల అప్‌లోడ్‌తో పైన చెప్పిన 900 జీబీ ఎక్కడానికి 40 గంటలు పడుతుంది. అంతకంటే ఆ డిస్క్‌ను గుంటూరులో బావగారింటికి పంపడమే తేలిక. ఎడిట్ అయిపోయిన సినిమా, ఆల్బమ్ పేజీల ఫైళ్లు మాత్రం చిన్నవే కాబట్టి అవి క్లౌడ్‌లో ఉంచుకోవచ్చు. కస్టమర్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చాక ముడి ఫుటేజ్ ఎన్ని నెలలు దాస్తారో అడ్వాన్సు రసీదు మీదే అచ్చు వేయించడం ఇద్దరికీ మంచిది.

అమరిక వారంలో ఆఖరి రోజు ఆ బ్యాకప్ డిస్క్‌ను కొత్త మెషిన్‌కు కాక వేరే కంప్యూటర్‌కు తగిలించి, మధ్యలో ఎక్కడినుంచైనా పది ఫైళ్లు తెరిచి చూడాలి. వాటిలో ఒక్కటి మొరాయించినా డిస్క్ ఇంకా బిల్లు తేదీకి దగ్గర్లోనే ఉంటుంది, మార్చుకోవడానికి షాపువాళ్లు పెద్దగా నసపెట్టరు.